పాత ఉస్మానియా చెట్ల నీడన పరుగుకు దారివ్వండి

తెలంగాణ ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి గారికి,

2025 జనవరి 31న గోషామహల్ పోలీసు స్టేడియంలో మీరు కొత్త ఉస్మానియా ఆస్పత్రికి శంకుస్థాపన చేశారు. ఆ ఆస్పత్రి రావాల్సిందే. 2020 జూలైలో పాత భవనం వార్డుల్లోకి వాననీళ్లు చేరి, రోగులను ఖాళీ చేయించిన సంగతి మాకు గుర్తుంది. కాబట్టి ఆస్పత్రి మీద నాకు ఏ పేచీ లేదు. ఆ 26 ఎకరాల మైదానంలో తెల్లవారుజామున పరుగెత్తిన వాళ్లు ఇప్పుడు ఎక్కడికి పోవాలన్నదే నా బాధ.

వాళ్లలో చాలామంది మా అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయానికి వచ్చే పిల్లలు. జిల్లాల నుంచి వచ్చి, నలుగురైదుగురు కలిసి ఒక గది అద్దెకు తీసుకుని, పొద్దంతా ఉద్యోగ పరీక్షలకు చదువుతారు. కానిస్టేబుల్ కొలువుకు చదువొక్కటే చాలదు. 2022 నోటిఫికేషన్ ప్రకారం అబ్బాయిలు 1,600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, అమ్మాయిలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. ఆ ఏడాది ఈ శారీరక పరీక్షలు (ఈవెంట్స్) డిసెంబర్ 8న మొదలయ్యాయి. సర్కారు పరీక్ష పెట్టిందే చలికాలంలో. సాధన కూడా ఆ చలిలోనే చేయాలి కదా.

చలి వల్ల చాలామందికి చేటేమీ లేదు. 14, 15 డిగ్రీల్లో ఒళ్లు తొందరగా అలసిపోదు, వేసవిలో కంటే దూరం పోవచ్చు. చిక్కంతా గాలితోనే. చలి రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. దాని మీద వెచ్చటి గాలి పొర మూతలా కూర్చుంటుంది. బస్సుల పొగ, లారీల పొగ, ఎవరో చెత్తకు పెట్టిన మంట పొగ, అన్నీ ఆ మూత కిందే తిరుగుతాయి. ఎండ ముదిరి నేల వేడెక్కితేగానీ పైకి లేవవు. పరుగెత్తే మనిషి కూర్చున్న మనిషి కంటే ఎన్నో రెట్లు గాలి పీలుస్తాడు, అదీ నోటితో. ముక్కు దగ్గర ఆగాల్సిన దుమ్ము నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే చల్లటి పొడిగాలే ఒక శిక్ష, దానికి పొగ తోడైతే ఇక చెప్పేదేముంది.

మొన్న పుత్లీబౌలి రోడ్డు మీద ఒకమ్మాయి పరుగు చూశాను. చున్నీ ముక్కు మీదుగా చుట్టి తల వెనక ముడేసుకుంది. సరుకు దింపే లారీ అడ్డొస్తే ఆగింది. అది కదిలాక మళ్లీ అందుకుంది. ఇంజిన్ ఆపకుండా నిలిపిన బస్సు వెనక్కి వచ్చేసరికి దగ్గు తెర వచ్చి, మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగిపోయింది. తేరుకున్నాక గడియారం చూసుకుని తల అడ్డంగా ఊపింది. ఇలా ఆగుతూ ఆగుతూ పోతే టైమింగ్ ఎక్కడొస్తుంది?

ఎల్.బి. స్టేడియం ఉంది కదా అనొచ్చు. 2023 డిసెంబర్ 7న మీరు ప్రమాణ స్వీకారం చేసిన చోటే అది. బండి లేని పిల్లలు అంత దూరం పోవాలన్నా ఈ పొగరోడ్ల మీదుగానే పోవాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ నడకకు బాగుంటుంది, కానీ పెద్దవాళ్లు నడిచే దారిలో గడియారం పెట్టుకుని పరుగెత్తడం కుదరదు.

నా విన్నపం ఒక్కటే. గోషామహల్‌లో ఆస్పత్రి పూర్తయ్యాక మూసీ ఒడ్డున పాత ఉస్మానియా ప్రాంగణంలో రద్దీ తగ్గుతుంది. వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన ఆ భవనాన్ని కాపాడతామని ప్రభుత్వం చెబుతోంది, సంతోషం. దాని చుట్టూ పరుగు బాట వేయించండి. మట్టి బాటే కావాలి. టైల్స్, సిమెంటు వేస్తే మోకాళ్లు, పిక్కలు పట్టేస్తాయి. రోడ్డు వైపు ఎత్తైన చెట్లు మాత్రమే నాటితే లాభం లేదు, బోదెల సందుల్లోంచి పొగ లోపలికి వస్తుంది. నేల నుంచి తలెత్తు దాకా దట్టంగా పెరిగే పొదల వరస ఉండాలి. బాట రోడ్డుకు ఎంత లోపలగా ఉంటే అంత మేలు, వాహనాల పొగ రోడ్డు నుంచి దూరం పోయేకొద్దీ పలచబడుతుంది.

ఆ ప్రాంగణంలోనే 1908 సెప్టెంబర్ 28న మూసీ ముంచెత్తినప్పుడు దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉంది. బాట దాని వేళ్ల జోలికి పోకుండా దూరంగా తిప్పాలి. కాంట్రాక్టరుకు ఈ మాట కాగితం మీద రాసివ్వండి, నోటిమాటగా చెబితే గునపం ఆగదు. ఐదింటికే దీపాలు వెలగాలి, ఆడపిల్లలకు మరుగుదొడ్డి, తాగునీళ్లు ఉండాలి. గేటు దగ్గర టికెట్ మాత్రం పెట్టకండి. గది అద్దెకే అప్పు చేసే పిల్లలు వీళ్లు.

ఇదంతా కావడానికి ఏళ్లు పడుతుందని తెలుసు. ఈ చలికాలానికైతే పెద్దగా ఖర్చు లేని పని ఒకటుంది. అఫ్జల్‌గంజ్, గౌలిగూడ, గోషామహల్ చుట్టుపక్కల ప్రహరీ గోడ, కాస్త చెట్ల చాటు ఉన్న ప్రభుత్వ పాఠశాలల, కళాశాలల మైదానాలను బడి వేళకు ముందు రెండు గంటలు తెరిపించండి. ప్రతిచోటా ఒక కాపలా మనిషి, గేటు తాళంచెవి ఉంటే చాలు. డిసెంబర్ రాకముందే ఆ ఉత్తర్వు ఇవ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
అఫ్జల్‌గంజ్ వాసి