కరెంటు గిన్నెలో రాజ్మా

ప్రశ్న: డాక్టరు గారూ! మా అబ్బాయి దుబాయి నుంచి వస్తూ కరెంటుతో పనిచేసే గిన్నె ఒకటి తెచ్చాడు. పొద్దున అన్నీ వేసి మూతపెడితే సన్నని వేడి మీద సాయంత్రానికి కూర అవుతుంది. మొన్న ఇంట్లో ఉన్న రాజ్మా గింజలు, ఉల్లిగడ్డ, టమాటా, కారం అందులో వేసి, రాత్రి జొన్నరొట్టెల్లోకి తిన్నాం. రెండు గంటలు తిరక్కుండానే ముగ్గురికీ వాంతులు, తరువాత విరేచనాలు. తెల్లవారేసరికి తగ్గాయి. ఇరుగుపొరుగువారు దిష్టి అంటున్నారు. గిన్నె పారెయ్యమంటారా?
— ఒక సోదరి, జగిత్యాల

జవాబు: గిన్నె పారెయ్యనక్కరలేదమ్మా. దిష్టీ కాదు. మీరు రాసినదాన్నిబట్టి చూస్తే, లోపం గింజలు ఉడికించిన తీరులో ఉన్నట్టు తోస్తోంది.

రాజ్మాలో, ముఖ్యంగా ఎర్రరకంలో, లెక్టిన్ అనే విషపదార్థం సహజంగానే ఉంటుంది. పచ్చి గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు మొదలవుతాయి. చాలామందికి కొన్ని గంటల్లో అదే సర్దుకుంటుంది. 1976లో ఇంగ్లండులో సెలవులకు వెళ్ళిన కొందరు బడిపిల్లలు, నానబెట్టిన గింజలను ఉడికించకుండా తిని ఇలాగే జబ్బుపడ్డారు.

నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. ఆ వేడికి ఈ విషం నశిస్తుంది. కాని సన్నని వేడిమీద పనిచేసే గిన్నెలో కూర 80 డిగ్రీల దగ్గరే ఉండిపోవచ్చు. అప్పుడు గింజ కొంత మెత్తబడుతుంది గాని విషం చావదు. పైగా ఇంకా తీవ్రం కావచ్చు కూడా. కనుక మెత్తబడింది కదా అని నమ్మకూడదు.

మన ఇళ్ళలో బబ్బెర్లు, అనుములు గుడాలు చేసేటప్పుడు ఏం చేస్తాం? కట్టెల పొయ్యిమీద కుతకుత ఉడికించి, ఆ తరువాతే కట్టెలు వెనక్కు లాగి నిప్పులమీద మగ్గనిస్తాం. ముందు పెద్దమంట, తరువాత చిన్నసెగ. మీ గిన్నె చేసేది రెండో పని మాత్రమే. మొదటి పని మీరే చెయ్యాలి.

ఒక గ్లాసు గింజలను రాత్రంతా నానబెట్టండి. ఆ నీళ్ళు పారబోసి, కడిగి, కొత్త నీళ్ళు పోసి పొయ్యిమీద అరగంటసేపు బాగా మరిగించండి. ప్రెషర్ కుక్కరులో మెత్తగా ఉడికిస్తే మరీ మంచిది. ఆ నీళ్ళు కూడా వంచేసి, గింజలను మీ గిన్నెలో వేసి, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, జీలకర్ర, కారం, ఇంట్లో ఉన్న కూరగాయలు కలపండి. టమాటాగాని, చింతపులుసుగాని గింజ మెత్తబడ్డాకే వేయాలి. ముందే వేస్తే పులుపుకు గింజ బిగుసుకుని త్వరగా ఉడకదు. ఉప్పు, నూనె మితంగా చాలు.

ఇలా వండితే అది మంచి ఆహారం. జొన్నలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని గింజలు పూరిస్తాయి. గింజల్లోని లోటును జొన్న తీరుస్తుంది. తినేముందు నిమ్మరసం పిండుకుంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం కాగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం తమ వైద్యుణ్ణి అడిగి తినాలి.

ఇంకో జాగ్రత్త. మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతపు ఎండల్లో వండిన కూరను గంటకు మించి బయట ఉంచకండి. మిగిలినదాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు పొయ్యిమీద మరిగించండి. వేడిచేయడానికి ఈ గిన్నె పనికిరాదు.

మళ్ళీ ఎప్పుడైనా వాంతులైతే ఓ.ఆర్.ఎస్. నీళ్ళు కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. నీళ్ళు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో అంతవరకూ కూడా ఆగవద్దు.