తెల్లబట్ట గురించి అడిగేదెవరు?

గర్భిణికి యోనిలో దురద, మంట, విరిగిన పెరుగులాంటి తెల్లబట్ట మొదలైతే ఇంట్లో ‘వేడి చేసింది’ అంటారు, లేదా శుభ్రత లేదంటారు. ఆమె శీలాన్నే శంకించిన ఇళ్లూ నా పరిశోధనలో ఎదురయ్యాయి. నిజానికి కాండిడా అనే ఈస్ట్ ఎందరో స్త్రీల శరీరంలో మామూలుగానే ఉంటుంది. గర్భంలో ఈస్ట్రోజన్, దానితో యోనిలో గ్లైకోజన్ పెరగడంవల్ల అది విజృంభిస్తుంది. ఇందులో స్త్రీ తప్పేమీ లేదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో రాణీ బంగ్ బృందం రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించి 1989లో ఫలితాలు ప్రకటించింది. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీవ్యాధి ఉంది. అంతకుముందు పరీక్ష జరిగింది 8 శాతం మందికే.

ఇప్పుడు గర్భిణులు నెలనెలా ఆస్పత్రికి వెళ్తున్నారు. బరువు తూస్తారు, బి.పి. చూస్తారు, రక్తం తీస్తారు. దురద ఉందా అని మాత్రం అడగలేదని నాతో చాలామంది చెప్పారు. వరసలో నలుగురి ముందు వాళ్లంతట వాళ్లు చెప్పలేరు. చివరికి భర్త మందుల షాపులో ఏదో మాత్ర తెస్తాడు. అది ఫ్లూకొనజోల్ కావచ్చు. గర్భంలో, ముఖ్యంగా మొదటి మూడు నెలల్లో, ఆ మాత్ర మింగడం మంచిది కాదు. డాక్టరు సలహాతో ఏడు రోజులు యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ సరిపోతుంది. మళ్లీ మళ్లీ వస్తే షుగరు పరీక్ష చేయాలి.

బిడ్డ ఎదుగుదలకున్న లెక్క తల్లి బాధకు ఎందుకు లేదు? పరీక్ష గదిలో తెర, ఏకాంతంలో ఒక ప్రశ్న, ఉచితంగా సరైన మందు: ఇవి దయ కాదు, హక్కు. సంఘాల్లో పనిచేసే మనం ముందు మన సమావేశాల్లో ‘తెల్లబట్ట’ అనే మాటను సిగ్గుపడకుండా పలుకుదాం. ఆ తర్వాత ఆస్పత్రిని అడుగుదాం.