హగరి ఇసుకకు ఏ బ్రష్షు?

ఆషాఢం గాలి మొదలైందంటే కణేకల్‌లో తలుపులు బిగించుకోవాల్సిందే. బిగించినా సరే... కిటికీ సందుల్లోంచి, గడప కిందినుంచి సన్నటి ఇసుక లోపలికి వస్తూనే ఉంటుంది. పొద్దున్నే కసువు ఊడ్చి, బండలు తడిగుడ్డతో తుడిచి, వంట ముగించేసరికి మళ్లీ పాదాల కింద గరగర! మధ్యాహ్నం ఒకసారి, దీపం పెట్టేముందు మరోసారి పొరక పట్టక తప్పదు.

కారణం ఊరి పక్కనే ఉంది. హగరి అని పిలుచుకునే వేదవతి ఏడాదిలో చాలాకాలం ఎండే ఉంటుంది. ఆ ఏటి ఇసుకను నైరుతి గాలులు లేపి కణేకల్, బొమ్మనహాళ్ మండలాల పొలాల మీద మేటలు వేస్తాయి. పొలంలో మేటను ఆపడానికి చెట్లు నాటుతారు, గడ్డి పెంచుతారు. ఇంట్లోకి వచ్చినదాన్ని మాత్రం ఇల్లాలే నడుం వంచి చేటలోకి ఎత్తాలి. ఎత్తేటప్పుడు బరువైన ఇసుక చేటలోకి వెళ్తుంది. పిండిలాంటి దుమ్ము గాల్లోకి లేచి, ఊడ్చేవాళ్ల ముక్కులోకే వెళ్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లున్న ఇంట్లో ఆ తర్వాత ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అందుకే బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగంలో కుదురుకున్న కొడుకో కూతురో ‘అమ్మకో వాక్యూమ్ క్లీనర్ కొనిద్దాం’ అని షాపుకెళ్తారు. అక్కడ రెండు డబ్బాలు పక్కపక్కనే కనిపిస్తాయి. చక్రాల డబ్బా, పొడుగాటి గొట్టం రెండింటికీ ఉంటాయి. ఒకదాని చివర మామూలు బ్రష్షు. ఇంకోదాని చివర సొంత మోటారుతో గిరగిరా తిరిగే రోలర్ బ్రష్షు. రెండోదాని ధర బాగా ఎక్కువ. ‘తిరిగేదైతేనే బాగా ఊడుస్తుంది కదా!’ అనిపించడం సహజం. కాస్త ఆగండి.

ఆ తిరిగే బ్రష్షు ఎక్కడ పుట్టిందో చూస్తే సగం సందేహం తీరుతుంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, క్యాంటన్ పట్టణంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అనే ఆయన ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఆయనకు ఉబ్బసం. కార్పెట్లు దులిపే యంత్రం నుంచి లేచే దుమ్ముకు దగ్గు ఆగేది కాదు. 1907లో ఒక ఫ్యాను మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి, ముందు తిరిగే బ్రష్షు పెట్టి ఓ మిషను తయారు చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. దాన్ని హూవర్ కుటుంబం కొని ప్రపంచమంతా అమ్మింది. ఆ దగ్గు కణేకల్ దగ్గులాంటిదే. నేల మాత్రం వేరు. అక్కడ కార్పెట్టు, ఇక్కడ తాడిపత్రి బండ.

కార్పెట్టులో దుమ్ము నూలు పోగుల అడుగున ఇరుక్కుంటుంది. గాలి ఒక్కటే దాన్ని లాగలేదు. పోగుల్ని విడదీసి, తట్టి, పైకి లేపే బ్రష్షు కావాలి. బండ మీద ఇసుక ఎక్కడా ఇరుక్కోదు, పైనే ఉంటుంది. దాని మీద గట్టి కుచ్చుల రోలర్ గిరగిరా తిరిగితే కొంత లోపలికి వెళ్తుంది, కొంత చిమ్మినట్టు వెనక్కి ఎగిరి గోడ వారకు చేరుతుంది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చుకోవాలి. నున్నటి గ్రానైటు అయితే రోలర్ కిందపడిన ఇసుక రేణువు గీత కూడా పెట్టొచ్చు. ఇక బండల సందుల్లో కూరుకున్న ఇసుకను ఏ రోలరూ తీయలేదు. దానికి కావలసింది సన్నమూతి గొట్టం, గట్టిగా పీల్చే గాలి.

మధ్యలో ఇంకో రకం ఉంది. దీనికి సొంత మోటారు ఉండదు. గొట్టంలోకి పీల్చే గాలే చిన్న చక్రాన్ని తిప్పి బ్రష్షును ఆడిస్తుంది. టర్బో బ్రష్షు అంటారు. చవక, తేలిక. కానీ సంచి నిండి, ఫిల్టరు మూసుకుపోయి గాలి తగ్గితే బ్రష్షు నెమ్మదించి ఆగిపోతుంది. ఇసుక ఊళ్లో ఫిల్టరు ఎంత త్వరగా మూసుకుపోతుందో ఊహించండి! మోటారు బ్రష్షుకు ఆ బాధ లేదు. అయితే గొట్టం పొడవునా కరెంటు తీగ కావాలి, చాలా వాటిలో బెల్టు ఉంటుంది, చేతికి బరువు. పైగా మన ఇళ్లలో పొడుగు జడలు, మల్లెపూల దారాలు. రోలరుకు చుట్టుకున్నదాన్ని వారం వారం కత్తెర పెట్టి కోసుకోవాలి. జంపఖానా మీద నడిపితే అంచు కుచ్చుల్ని పట్టుకుని వదలదు.

మరి మోటారు బ్రష్షు దండగేనా? కానే కాదు. హాలు నిండా మందపాటి కార్పెట్టు పరిచిన ఇంటికి, కార్పెట్లు పరిచిన మసీదుకు దాన్ని మించింది లేదు. బండల ఇంటికి మాత్రం ఆ డబ్బు డబ్బాలో పెట్టడం మేలు.

డబ్బాలో చూడాల్సింది వాట్లు కాదు. పెట్టె మీద 1400 వాట్లు అని ఉంటే అది తినే కరెంటు, పీల్చే బలం కాదు. యూరప్‌లో 2017 నుంచి 900 వాట్లు దాటిన మామూలు వాక్యూమ్ క్లీనర్లను మార్కెట్లోకి రానివ్వడం లేదు. అక్కడి ఇళ్లేమీ మురికిగా లేవు. కరెంటు బిల్లుకు భయపడక్కర్లేదు. 1400 వాట్ల మిషను ఇరవై నిమిషాలు నడిస్తే అయ్యేది అర యూనిటు లోపే. కానీ ఫ్యాన్లకూ లైట్లకూ పెట్టుకున్న చిన్న ఇన్వర్టరు మీద మాత్రం నడపొద్దు, అది మోయలేదు.

అసలు కిటుకు సంచిలోనూ ఫిల్టరులోనూ ఉంది. పీల్చిన దుమ్ములో సన్నటిది వెనకనుంచి మళ్లీ గదిలోకే వస్తే మిషను కొన్న ఫలం ఏముంది? అసలైన హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపాలి. మూతల చుట్టూ రబ్బరు బిగువుగా లేకపోతే ఆ హెపా కూడా అలంకారమే. సంచి లేని రకంలో డబ్బా కుమ్మరించేటప్పుడు దుమ్మంతా మళ్లీ మొహాన కొడుతుంది. దగ్గు ఉన్న ఇంటికి పారేసే సంచి రకమే నయం. ఆ సంచులు రాయదుర్గంలోనో బళ్లారిలోనో దొరుకుతాయో లేదో కొనేముందే అడగండి. దొరక్కపోతే ఏడాది సరుకు ఒకేసారి తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి. మామూలు పొడి క్లీనర్లలో మోటారును చల్లబరిచేది పీల్చే గాలే. ఫిల్టరు మూసుకుపోతే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. ఆషాఢంలో కిలోల కొద్దీ పేరుకునే ఇసుకను నేరుగా మిషనుకు పెడితే సంచి రెండు రోజులకే నిండుతుంది. ముందు పొరకతో నెమ్మదిగా, నేలకు ఆనించి మోటు ఇసుకను ఎత్తేసి, ఆ తర్వాత సన్నటి దుమ్ముకు మిషను పెట్టాలి. ‘మిషనెందుకు, పొరక ఉండగా’ అనే అత్తా, ‘పొరకెందుకు, మిషనుండగా’ అనే కోడలూ ఇక్కడ రాజీపడొచ్చు.

షాపులో సేల్స్ కుర్రాడు కార్పెట్టు ముక్క మీద పొడి చల్లి, బ్రష్షు తిప్పి చూపిస్తాడు. అది చూసి మోసపోవద్దు. ఇంటి గడప దగ్గరి ఇసుకే ఓ గుప్పెడు పొట్లం కట్టుకెళ్లండి. దాన్ని షాపు నేలమీద బండల సందు ఉన్నచోట పోసి, రెండు బ్రష్షులతోనూ ఊడ్చమనండి. తర్వాత గోడ వార చూడండి, సందులో వేలు పెట్టి చూడండి.