పక్షవాత రోగులు – గృహపరిచర్య

ఆసుపత్రినుండి రోగిని ఇంటికి పంపు దినమున వైద్యుడు కాగితముపై మందుల పేర్లు వ్రాసి యిచ్చి, ఇంటివద్ద వ్యాయామము చేయించుచుండుడని చెప్పును. ఆ యొక్క మాటతో ప్రభుత్వముయొక్క బాధ్యతయు, ఆసుపత్రియొక్క బాధ్యతయు ముగిసిపోవుచున్నవి. కారు వీధిలో నిలుచును. నలుగురు పట్టుకొని రోగిని మంచముపై పరుండబెట్టుదురు. బంధువులు చూచి, నిట్టూర్చి, కాఫీ త్రాగి వెళ్లుదురు. అటుపిమ్మట, కుడిచేయి కుడికాలు స్వాధీనము తప్పి, మాట తడబడుచున్న ఆ మనుష్యుడును, అతనికి దిక్కైన భార్యయో కోడలో, నెలలును సంవత్సరములును ఎట్లు గడపుదురో విచారించువారు లేరు. ఆ విషయమును గూర్చియే నేడు వ్రాయదలచితిమి.

పక్షవాతము చేతికిని కాలికిని వచ్చిన రోగమని మనలో ననేకుల భావన. అది మెదడునకు తగిలిన దెబ్బ. మెదడులోని రక్తనాళము గడ్డచే మూసికొనిపోవుటవలననో, చిట్లుటవలననో ఆ భాగము చెడును. ఆ భాగము నడపుచున్న అవయవము పడిపోవును. గడ్డ కారణమైనచో, నాలుగున్నర గంటలలోపల తగిన ఆసుపత్రికి చేరినవారిలో అర్హులైనవారికి దానిని కరగించు మందు నీయవచ్చును. ఈ సంగతిని గూర్చి కొంత ప్రచారము జరుగుచున్నది. ఏటేట అక్టోబరు 29వ తేదీని ప్రపంచ పక్షవాత దినమని సభలును జరుగుచున్నవి. సంతోషమే. 2007లో మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీయు, 2018లో దేశమంతటను ఆయుష్మాన్ భారత్ పథకమును ప్రారంభమైనవి. పేదవాని ఆసుపత్రి వ్యయమును భరించుటకు అవి ఏర్పడినవి గనుక వానిని మేము తక్కువచేయము. కాని వాని చూపు ప్రధానముగా ఆసుపత్రి గడప లోపలనే యున్నది. రోగి జీవితము గడప వెలుపల నున్నది.

చరకుడు చికిత్సకు నాలుగు పాదములు చెప్పినాడు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. పరిచారకునకుండవలసిన గుణములును నాలుగే: ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగియందు అనురాగము, శౌచము. వీనిలో మన యిండ్లయందు అనురాగమునకు లోటు లేదు. తండ్రి మలమూత్రములను చేతులతో నెత్తిన కుమారులను మేమెరుగుదుము. లోటంతయు మొదటి గుణమునందే. ఉపచారము తెలియని అనురాగము ఒక్కొక్కప్పుడు రోగికి అపకారమే చేయును.

దృష్టాంతమునకు, మ్రింగు శక్తి తగ్గిన రోగికి దాహమని జాలిపడి పరుండబెట్టియే నీరు పోయుదురు. ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోయి జ్వరమును, న్యుమోనియాయును కలుగజేయును. ఆసుపత్రిలో ప్రాణము దక్కి ఇంటికి వచ్చినవారు కొందరు ఈ కారణముననే మరణించుచున్నారు. రోగిని నిటారుగా కూర్చుండబెట్టి, తల కొంచెము ముందునకు వంచి, చెంచాతో కొద్దికొద్దిగా, పలుచని నీటికంటె చిక్కని జావవంటి పదార్థము నిచ్చుట మేలని వారికి చెప్పినవారెవరు? అసలు ఈ రోగి నోటితో తినవచ్చునా, గొట్టముద్వారా ఈయవలయునా యని పరీక్షించి చెప్పకుండ ఇంటికి పంపుటయే తప్పు.

పడిపోయిన చేయి పట్టుకొని లేవదీయుట మరియొక పొరపాటు. బలము లేని కండరములు భుజపు కీలును నిలుపజాలవు. ఆ లాగుడుతో కీలు జారి, నెలల తరబడి విడువని నొప్పి పుట్టును. కదలలేని శరీరమును రెండు గంటల కొకమారు ప్రక్కకు త్రిప్పనిచో నడుము క్రిందను మడమలయందును పుండ్లు పడును. ఇవి యన్నియు చిన్న సంగతులుగా కానవచ్చును. రోగి కూర్చుండునా, మంచముననే యుండునా యనునది తరచుగా ఈ చిన్న సంగతులమీదనే యాధారపడియున్నది.

మాట పోయినవానితో చెవిటివానితో వలె కేకలు వేయువారు కొందరు. అతడు వినుచున్నాడు, మాటలు పోగుచేసికొని పలుకలేకున్నాడు, లేదా విన్నమాట అర్థమగుట ఆలస్యమగుచున్నది. ఒక ప్రశ్న అడిగి కొంత నిదానింపవలయును. గోడవైపు తిరిగి పరుండి, ఎవరితోను పలుకక, వ్యాయామము వద్దనువానిని సోమరియని మందలించువారును కలరు. పక్షవాతము పిమ్మట రమారమి మువ్వురిలో ఒకరికి మనోవ్యాకులత కలుగుచున్నదని వైద్యులు చెప్పుచున్నారు. దానికిని చికిత్స యున్నది. ఇంక పావురపు నెత్తురు పూయువారు, పసరు పోయువారు, వారివెంట మూడు జిల్లాలు తిరుగువారు నేటికిని గలరు. ఆ ప్రయాణములలో పోవుచున్నది ధనము మాత్రమే యైనచో మేమింతగా విచారింపము. మొదటి మూడు నెలలలో మెదడు మిక్కిలి త్వరితముగా కోలుకొనును. పిమ్మట ఆ వేగము మందగించునేగాని ఆగిపోదు. ఆ మూడు నెలలే పసరులపాలగుచున్నవి. రక్తపుపోటు మాత్రలను మానివేయుటయు ఆ దినములలోనే. రెండవ దెబ్బ అట్లు వచ్చుచున్నది.

అట్లైన ఇంటివారికే శిక్షణ నిచ్చిన సరిపోదా యని కొందరడుగవచ్చును. ఈ ప్రశ్న మన దేశముననే పరీక్షింపబడినది. 2014 మొదలు 2016 వరకు 14 ఆసుపత్రులలో 1,250 మంది రోగులను రెండు భాగములుగా జేసి, ఒక భాగమువారి బంధువులకు ఆసుపత్రియందును, ఇంటివద్దను వ్యాయామములు నేర్పిరి. రెండవ భాగమువారికి సామాన్యముగా జరుగు చికిత్సయే జరిగెను. ఫలితములు 2017లో లాన్సెట్ పత్రికయందు వెలువడినవి. ఆరు నెలల పిమ్మట మరణించినవారును పరాధీనులైనవారును కలిసి మొదటి భాగమున నూటికి 47 మంది. రెండవ భాగమునను 47 మందియే.

దీనినిబట్టి ఇంటి పరిచర్య నిష్ప్రయోజనమని తీర్మానించుట తొందరపాటు. మేము గ్రహించిన దేమన, కొలది దినముల శిక్షణ నిచ్చి, భారమంతయు భార్యమీదను కోడలిమీదను వైచి, ప్రభుత్వము చేతులు కడుగుకొనుట కుదరదని. పాశ్చాత్య దేశములలో రోగిని శీఘ్రముగా ఇంటికి పంపి, అతనితోపాటు వ్యాయామ చికిత్సకులు, దాదులు మొదలగువారి బృందమును ఇంటికే పంపిన చోట్ల పరాధీనులైనవారి సంఖ్య తగ్గినదని అనేక పరీక్షలు తేల్చినవి. అచ్చటను ఇల్లే, ఇచ్చటను ఇల్లే. అచ్చట ఇంటికి విద్య తెలిసినవారు వచ్చుచున్నారు.

ఇది ధనిక దేశములకే సాధ్యమనువారు మన పొరుగువారిని చూడవలయును. తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టులో ప్రజల యింటివద్దకే వైద్యమను పథకమును ప్రారంభించి, రక్తపుపోటు, మధుమేహము మందులతోపాటు వ్యాయామ చికిత్సను సయితము గడపకు పంపినది. కేరళమున 2008లో ప్రకటించిన విధానము ననుసరించి స్థానిక సంస్థలే మంచమున బడినవారి యిండ్లకు దాదులను పంపు నేర్పాటు చేసికొన్నవి. ఆ దాదులతో ఇరుగుపొరుగు యువకులును వెళ్లుదురు. మన గ్రామములలో గర్భిణుల యింటికి, పసిబిడ్డల యింటికి ఆశా కార్యకర్తలు వెళ్లుచునే యున్నారు. ఆ త్రోవననే వారమున కొకమారు వ్యాయామ చికిత్సకుడు వెళ్లలేడా?

2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము పూర్తిగా మంచమునకు పరిమితులైన పక్షవాత రోగులకు నెలకు 15,000 రూపాయల పింఛను నిర్ణయించినది. ఇది ఉదారమైన పని, కాదనము. అయితే లేవలేనివానికి నెలనెల ఇంత ద్రవ్యము నిచ్చు ప్రభుత్వము, లేవగలవానిని లేపుటకు మొదటి మూడు నెలలు అందులో కొంత భాగము వ్యయపరచినచో, పింఛను అవసరము లేనివారి సంఖ్య హెచ్చునని చెప్పుటకు గణితశాస్త్రజ్ఞులు రానక్కరలేదు.

మా పాఠకులలో భూవసతి గలవారును, పట్టణములలో ఉద్యోగ వ్యాపారములు చేయువారును అనేకులు. కుమారులు అమెరికాలోను, తల్లిదండ్రులు పెద్ద మేడలోను ఉన్న యిండ్లను మీరెరుగుదురు. ఆ మేడ మెట్లపై చేతిపట్టు లేదు; స్నానపుగది నేల నున్నగా జారును. పాలరాతికి వేలు పోసినవారు గోడకొక ఇనుపకడ్డీ బిగింప తలపరు. పక్షవాతము పాలేరును, ఆసామిని ఎంచి చూచునది కాదు. ధనవంతుడు జీతమిచ్చి మనిషిని పెట్టుకొనగలడు. ఆ మనిషికి ఉపచారము తెలియునో లేదో అడుగడు. బీదవాని యింట భార్య కూలి మానుకొనును. అక్కడ రోగముతోపాటు ఆకలియు ప్రవేశించును. పరిచర్య చేయు స్త్రీకి వారమున కొక పూటయైన విశ్రాంతి యీయవలయునని ఏ యింటనైనను తలచుచున్నారా? ఆమె నడుము విరిగిన నాడు ఆ యింట ఇద్దరు రోగులగుదురు.

లూయీ పాశ్చరునకు 1868లో, తన నలువదియైదవ యేట, ఎడమపక్షము పడిపోయెను. 1885లో పిచ్చికుక్క కాటునకు టీకా వేయించినవాడు ఆయనయే. అందరును పాశ్చరులు కానక్కరలేదు. తన లుంగీ తాను కట్టుకొని, అరుగుమీదికి వచ్చి కూర్చుండి, దారిని పోవువానిని పేరుపెట్టి పిలువగలిగిన చాలునని కోరుకొనువారి మాట మేము చెప్పుచున్నాము.

కావున శాసనసభ్యులను మేమడుగునది స్వల్పమే. ఆసుపత్రి విడుచునాడు రోగి చేతికిచ్చు కాగితము తెలుగున నుండవలయును. ఎట్లు తినిపింపవలయునో, ఎట్లు త్రిప్పవలయునో, ఏ మందు మానరాదో అందు బొమ్మలతో సహా అచ్చువేయవలయును. ఆ గ్రామపు ఉపకేంద్రమునకు అదేనాడు సమాచారము పోవలయును. వారములోపల ఇంటికి రాబోవు చికిత్సకుని పేరును, తేదీయు ఆ కాగితము అడుగున వ్రాసియుండవలయును. రానున్న బడ్జెటు సమావేశములలో ఈ విషయమై ప్రశ్న వేయు సభ్యు లెందరుందురో చూతము.