యాస పేరుతో హక్కు ఎగవేత

జిమల్‌గట్ట నుంచి సిరొంచ వెళ్లే బస్సులో తెలుగు వినిపిస్తే బయటివారు మూడు మాటలంటారు. మీరు వలస వచ్చినవారు. మీది తెలుగు కాదు, మరాఠీ కలిసిన యాస. పిల్లలు అందులో చదివితే మరాఠీ రాదు. ఇవి అమాయకపు అపోహలైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ తెలుగు బడి అడిగినప్పుడల్లా ఈ మూడే అడ్డుగోడలవుతున్నాయి.

మొదటిది వలస వాదం. 1860లో నిజాం సిరొంచ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. 1874లో అది చాందా జిల్లాలో కలిసింది. ఆ జిల్లా 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రానికి మారింది, 1960లో మహారాష్ట్ర భాగమైంది. 1982లో గడ్చిరోలి వేరు జిల్లా అయింది. కదిలినవి గీతలే, మనుషులు కారు. ప్రాణహితకు ఆ ఒడ్డున మాతృభాష అయినది ఈ ఒడ్డున వలస భాష ఎట్లా అవుతుంది?

రెండవది కల్తీ వాదం. వకీలు, దావా, జామీను: నేను రోజూ కోర్టులో వాడే ఈ మాటలు అరబ్బీ, పారసీల నుంచి వచ్చినవి. మరాఠీలోనూ ఇవే ఉన్నాయి. అంతమాత్రాన మరాఠీని కల్తీ భాష అనే సాహసం ఎవరికీ లేదు. మాట అరువు తెచ్చుకున్నంత మాత్రాన భాష మారదు. ‘వకీలుకు చెప్పిన’ అన్నప్పుడు ఆ ‘కు’, ఆ ‘చెప్పిన’ తెలుగువి. మరాఠీవారు ‘వకిలాలా సాంగితలం’ అంటారు. భాషను నిలబెట్టేది వ్యాకరణం. యాస లేని భాష లోకంలో లేదు. అధికారం దక్కిన యాసకే ప్రమాణ భాష అని పేరు.

మూడవది నష్టం వాదం. బోధనకు మాతృభాషే ఉత్తమమని యునెస్కో నివేదిక 1953లోనే చెప్పింది. మేము మరాఠీ వద్దనడం లేదు. 2020 చట్టం ప్రకారం అది ఈ రాష్ట్రపు బడుల్లో తప్పనిసరి పాఠ్యాంశం. పిల్లవాడు రెండూ నేర్వగలడు. అర్థం కాని భాషలో అక్షరాలు దిద్దించడమే అసలు నష్టం.

రాజ్యాంగం 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ప్రయత్నించమని రాష్ట్రాలను ఆదేశించింది. తరగతిలో 10 మంది లేదా బడిలో 40 మంది ఉంటే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని 1949 ఆగస్టులోనే విద్యామంత్రుల సమావేశం తీర్మానించింది. మాతృభాష ఏదో చెప్పవలసింది తల్లిదండ్రులేనని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ‘మీది తెలుగు కాదు’ అనే అధికారం ఏ అధికారికీ లేదు.

ఇక మనవైపు ఒక మాట. ఇదే నేలపై మాడియా గోండులను చూసి ‘లిపి లేదు, అదేం భాష’ అనే తెలుగువారు లేరా? మరాఠీని శతాబ్దాల పాటు మోడీ లిపిలో రాశారు; తర్వాత దేవనాగరిలోకి మారారు. లిపి మారింది, భాష మారలేదు. గోండి తెలుగుకు ద్రావిడ కుటుంబంలో దగ్గరి చుట్టం. 2011 జనగణనలో 29 లక్షల మందికి పైగా తమ మాతృభాషగా చెప్పిన గోండికి ఎనిమిదవ షెడ్యూలులో చోటు లేదు. మనకు అడిగే న్యాయాన్ని వారికి నిరాకరిస్తే మన వాదనకు విలువేమిటి?

తల్లిదండ్రులారా! జనగణనకు వచ్చినవారికి మీ ఇంటి భాష పేరు స్పష్టంగా చెప్పండి. ఊళ్లో పది మంది పిల్లలను లెక్కపెట్టండి. తెలుగైనా, గోండి అయినా అర్జీ రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. నోటి మాటగా అడిగినదాన్ని నోటి మాటతోనే కొట్టివేస్తారు. కాగితానికి మాత్రం కాగితంతో జవాబు చెప్పక తప్పదు.