ముద్ర కుదరకున్న ముద్ద కరవా?

2010 సెప్టెంబరు 29వ తేదీన మహారాష్ట్రమందలి నందుర్బారు జిల్లా తెంభ్లీ గ్రామమున మొట్టమొదటి ఆధార్ సంఖ్య నొసంగిరి. పది వ్రేళ్ల ముద్రలును, రెండు కనుపాపల చిత్రములును, పండ్రెండంకెల సంఖ్యయు ప్రతి మనుజునకు గుర్తింపు కలిగించుననియు, దొంగకార్డులు తొలగి పేదవాని భాగము పేదవానికే చేరుననియు పాలకులు చెప్పిరి. ఈ యుద్దేశమును మేము నిందింపము. పొట్టచేతబట్టుకొని శ్రీకాకుళమునుండి హైదరాబాదు చేరిన కూలివాడు అచ్చటి చౌకధరల దుకాణముననే తన బియ్యమును పొందగలుగుట యీ యేర్పాటు ఫలమే. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ తెలంగాణముల నడుమ ఈ సౌకర్య మారంభమయ్యెను. మేలును మేలని చెప్పుట ధర్మము.

అయినను రాళ్లుకొట్టువారి వ్రేళ్లు, నాట్లువేయు స్త్రీల వ్రేళ్లు, ముదుసలుల వ్రేళ్లు అరిగిపోవును. దేశమునకు అన్నముపెట్టిన చేతులనే యంత్రము ఎఱుగనని చెప్పును. ముద్ర సరిగా నున్నను ఒక్కొక్కప్పుడు సిగ్న లందదు. దుకాణదారుడు రేపు రమ్మనును. ఆ రేపటి వెల యొకదినపు కూలి.

శాసన మేమనుచున్నది? 2013 నాటి జాతీయ ఆహారభద్రతా శాసనము ప్రాధాన్యకుటుంబములలో మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా నిర్ణయించినది. 2016 నాటి ఆధార్ శాసనము 7వ విభాగమున, సంఖ్య లభింపనివారికి వేఱు గుర్తింపుమార్గము చూపవలెనని విధించినది. ముద్ర కుదరలేదని ఆహారమును నిరాకరింపరాదని ఆధార్ సంస్థయే 2017 అక్టోబరులో అధికారులకు తెలియజేసినది.

కావున లోపము కాగితముమీద లేదు. దుకాణపు గుమ్మమున గలదు. ఒకని హక్కును తీసివేయువాడే కారణమును చూపవలెనని న్యాయమెఱిగినవా రందఱు నొప్పుకొందురు. ఇచ్చట మాత్రము తాను తానేయని ముదుసలి నిరూపించుకొనవలెను. యంత్రము తన తప్పునకు సమాధానము చెప్పనక్కఱలేదు. ఇది తలక్రిందులైన న్యాయము.

మేము కోరునది రెండే. ముద్ర కుదరనప్పుడు ఆ సంగతిని పుస్తకమున నెక్కించి ఆ దినముననే బియ్య మియ్యవలెను. నిరాకరించినచో కారణము వ్రాసిన చీటీ యియ్యవలెను. చీటీ యున్న ఫిర్యాదు నిలుచును. నోటిమాట గాలికి పోవును.

పఠనమందిరములలో ఈ పంక్తులు చదువు సోదరులారా! బియ్యమిచ్చు దినములలో మీ వీధి దుకాణముకడ నొక్కగడియ నిలువుడు. వట్టిసంచితో మరలువారిని కారణ మడుగుడు. చదువురానివారికి అర్జీ వ్రాసిపెట్టుడు. ఆ బియ్యము ప్రభుత్వ మిడు భిక్షము కాదు, ప్రజల హక్కు. వ్రేలిముద్ర చెరగినంతమాత్రమున హక్కు చెరగదు.