చంకబిడ్డయు బడిపిల్లయు

కావ్యములలోని శరత్తు వేఱు, మన సీతారామపురపు శరత్తు వేఱు. శరత్తనగానే తేటనీరు, తెల్లమబ్బు, పండువెన్నెల యని కవులు వర్ణింతురు. మన యొద్దనో, ఆశ్వయుజము సగము గడచునప్పటికి గాలి ఈశాన్యమునకు దిరుగును. వెలిగొండలమీద మబ్బులు క్రమ్మును. కార్తికమున నాలుగుదినము లెండ కాచిన నాలుగుదినములు ముసురు పట్టును. నైరృతి ఋతుపవనము పడమటి కనుమలను దాటి, దక్కను పీఠభూమినంతయు గడచి మనవైపు వచ్చునప్పటికి తన నీటిని చాలవఱకు పోగొట్టుకొని యుండును. కావున నెల్లూరుసీమకు ఏటివానలో పెద్దపాలు అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు గల మూడుమాసములలోనే కురియును. సముద్రతీరమున బడినంత వాన కొండప్రక్కనున్న ఉదయగిరి, సీతారామపురములకు బడదు గాని, పడవలసిన కాలము మాత్ర మిదియే. సంవత్సరపు గ్రాసమంతయు ఈ పదిపన్నెండు వారముల మీద నాధారపడి యున్నది.

ఈ కాలముననే ప్రొద్దు కుఱుచయగును. జూన్ మాసమున ఇంచుమించు పదుమూడుగంటలుండు పగలు నవంబరు నడుమకు పదకొండున్నర గంటలకు దిగును. సాయంకాలము ఐదుగంటల నలుబదినిమిషముల ప్రాంతమున సూర్యుడస్తమించును. పడమట కొండలడ్డమగుటచే ఎండ అంతకు ముందే మాయమగును. వెలుతురు తక్కువ, పని యెక్కువ. చెఱువునకు నీరు వచ్చిన యేట వరినారు పోయవలెను. తేలికనేలలలో పొగాకునారు నాటవలెను. నల్లరేగడిలో శనగ విత్తవలెను. ముందు వేసిన కందిచేనిలో కలుపు తీయవలెను. అదను తప్పిన విత్తనము పండదని యెఱిగిన రైతు ఒక్క దినమైనను విడువడు. కూలికి బోవు తల్లి యంతకంటెను విడువలేదు. ఏడుగంటలకు ఆటో యెక్కకున్న ఆనాటి కూలి పోయినట్లే.

మఱి ఇంటిలోని చంటిబిడ్డ మాట యేమి? వేసవిలో తల్లి బిడ్డను వెంటబెట్టుకొని పోవును. పాతచీర వేపకొమ్మకు గట్టిన నదియే ఉయ్యెల. బిడ్డ గాలికి నిదురించును. పాలకేడ్చిన తల్లి పది యడుగులలో నుండును. వానకాలమున ఆ యుయ్యెల కట్టుటకు వీలులేదు. పైన చెట్టు కారుచుండును, క్రింద బురద, ఆపైన పురుగు పుట్ర. ఇంటిలో అవ్వ యున్నను ఈ చలికి దగ్గుతో మంచము పట్టియుండును. తండ్రి మడక పట్టవలెను. ఇక మిగిలిన దెవరు? ఆఱవ తరగతిలోనో ఏడవ తరగతిలోనో చదువుకొను పెద్దపిల్ల. “ఈ పూట తమ్ముని జూచుకొనవే అమ్మా, రేపు బడికి పోదువుగాని” యని తల్లి చెప్పును. ఆ రేపు కార్తికము వెళ్లువఱకు రాదు.

మన ప్రాంతపు బడులలో హాజరుపట్టికను చేతబట్టిన ఉపాధ్యాయులకెల్ల ఈ సంగతి తెలిసినదే. ఆగష్టులో వరుసగా నున్న పేరు దసరా సెలవుల తరువాత తెగిపోవును. మరల సంక్రాంతికి గాని కుదుటబడదు. ఆ నడుమనే గణితములో బీజగణితము మొదలై ముగియును. ఆ నడుమనే సంవత్సరమధ్య పరీక్షలు జరిగి పోవును. తిరిగి వచ్చిన పిల్లకు నల్లబల్లమీది అక్షరములు గ్రుడ్డిగవ్వలు. రెండేండ్లు ఇట్లు జరిగిన పిల్ల పదవతరగతి గడప దాటుట దుర్లభము. తప్పినపిల్లకు ఇంటిలో పెండ్లిమాట ఎంత త్వరగా పుట్టునో వేఱుగ జెప్పనక్కఱలేదు. పిల్ల తెలివిలేనిదని యొకరు, శ్రద్ధలేనిదని యొకరు, ఫోను చూచి చెడిపోయినదని మఱియొకరు కారణములు వెదకుచుందురు. చంకలో పిల్లవానిని బెట్టుకొని ఊరంతయు వెదకినట్లున్నది ఈ వెదకుట. కారణము ఆ పిల్ల చంకలోనే యున్నది.

ఆ బిడ్డను కన్నందుకు గాని, కూలికి బోయినందుకు గాని మేము తల్లిని నిందింపము. కూలి లేక పొయ్యి వెలుగదు. అయినను, బిడ్డను మోయు పని ఇంటిలో నొక్క ఆడుపిల్ల మీదనే యేల పడవలెనని మాత్ర మడుగుచున్నాము. అదే యింటిలో అదే వయస్సు గల అన్న యుండును. అతడు సైకిలెక్కి బడికి వచ్చును. తమ్ముని జూచుకొనుటకు ఇంటనున్న అన్నలను ఊరిలో వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

సంఘములోని పెద్దలు కొందఱు ఈ మాటకు మిర్యామును సాక్ష్యము దెత్తురు. జమ్ముపెట్టెలోనున్న తమ్ముని నైలునది యొడ్డున నిలిచి కావలి కాచిన అక్క మన బాలికలకు మాదిరి కాదా యని వారి ప్రశ్న. మాదిరియే. అయితే నిర్గమకాండము రెండవ యధ్యాయమును అంతటితో మూయక మఱి కొన్ని వచనములు చదువవలెను. ఆ యక్క కావలి కాచినది యించుకసేపు. ఫరో కుమార్తె రాగానే పరుగున బోయి తల్లిని పిలుచుకొని వచ్చినది. బిడ్డ తిరిగి తల్లి యొడిలోనికే చేరినాడు. అంతేకాదు, తన బిడ్డకు తాను పాలిచ్చినందుకు ఆ తల్లికి జీతము గూడ ముట్టినది. బిడ్డను సాకుట పని యనియు, ఆ పనికి వెల గలదనియు ఐగుప్తు రాజకుమార్తె యెఱిగినంతగా మన మెఱుగకుండుట విచారకరము.

ఇక చట్టములను జూతము. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వఱకు గల బాలబాలికలకు విద్య హక్కని 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ, పిల్లలు ఇంటివారికి సాయపడుటను నిషేధింపలేదు గాని, బడివేళలు గడచిన తరువాతనో సెలవులలోనో యని హద్దు గీచినది. అనగా సాయంకాలము తమ్ముని నెత్తుకొన్న పిల్లను చట్టమేమియు ననదు. పగలు పదిగంటలకు ఎత్తుకొన్న పిల్లను గూర్చియే మన మాట. బడికి రాని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే యని ఎం.వి. ఫౌండేషన్ వారు 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామములలో చేసిన కృషిని, ఆ కృషికి శాంతాసిన్హాగారు 2003లో మెగసెసే బహుమానము నందుకొనుటను చదువరులు వినియుందురు. తమ్ముని మోయుట పని కాదనువారు ఒక దినము మోసి చూడవలెను.

మఱియొక లెక్క గలదు. 2020లో ఆరంభమైన అమ్మఒడికిని, 2025లో వచ్చిన తల్లికి వందనమునకును నూటికి డెబ్బదియైదు వంతుల హాజరు నియమముగ పెట్టిరి. ఆఱు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు బడి సంవత్సరమునకు 220 దినములు జరుగవలెనని విద్యాహక్కు చట్టము చెప్పుచున్నది. అందులో నాలుగవవంతు ఏబదియైదు దినములు. ఆశ్వయుజము నడుమ మొదలుకొని ఎనిమిదివారములు మానినను నలుబదియెనిమిది దినములే యగును! డబ్బు తల్లి ఖాతాలో బడును; పట్టికలో తప్పు కానరాదు; పిల్ల మాత్రము బీజగణితము నెఱుగదు.

అంగన్‌వాడీ లేదా యని యడుగవచ్చును. కలదు. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున మొదలైన శిశు అభివృద్ధి పథకముచే నేడు పల్లెపల్లెకు అంగన్‌వాడీ చేరినది; ఆ కార్యకర్తల శ్రమను మేము గౌరవింతుము. కాని అక్కడ కూర్చుండబెట్టి ఆటపాటలు నేర్పునది మూడేండ్లు నిండినవారికి. అంతకు దిగువవారికి తిండిసరకు ఇంటికిత్తురు. బిడ్డను పగలంతయు ఉంచుకొనుట సాధారణముగ లేదు. అక్క చంకనెక్కునది సరిగ్గా ఆ వయస్సుదే, ఆఱుమాసములు నిండి మూడేండ్లు నిండనిది. ఉపాధిహామీకై 2005లో చేసిన చట్టమున, పనిచోటికి ఆఱేండ్లలోపు బిడ్డలు ఐదుగురు వచ్చినయెడల వారిని జూచుటకొక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. మంచి మాట; కాని పొగాకునారు నాటునది ప్రభుత్వపు పనిచోట కాదు. అంగన్‌వాడీలోనే చంటిబిడ్డలను పగలంతయు సాకు పాల్నా యను పథకమును 2022లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టినది. అట్టిది మన మండలమునకు రావలెనని మన పెద్దలు అర్జీ పెట్టవలెను. రోడ్డునకు పెట్టిన అర్జీలను, బోరునకు పెట్టిన అర్జీలను మేము చూచియున్నాము.

బిడ్డ పక్షమునుండి కూడ ఒకమాట. ఆఱుమాసములు నిండిన శిశువునకు తల్లిపాలతోబాటు మెత్తని తిండి దినమునకు పలుమారులు కొంచెము కొంచెముగ పెట్టవలెను. పదునొకండేండ్ల పిల్ల అంత యోపికతో పెట్టగలదా? ఏడ్చిన బిడ్డ చేతికి ఒక బిస్కత్తు నిచ్చి ఊరుకొనును. ముసురుకాలమున నీరు చెడును. పశ్చిమ నెల్లూరున నేలనీటిలో ఫ్లోరైడు బాధ చాలదన్నట్లు ఈ బాధ యొకటి. బిడ్డకు విరేచనములు పట్టినచో ఆ పిల్ల భయపడి నీరిచ్చుటయు మానును, ఈయకుండుటయే ప్రాణాపాయము. లీటరు కాచి చల్లార్చిన నీటిలో చదునుగా గీచిన ఆఱు చిన్నచెంచాల చక్కెర, అర చిన్నచెంచా ఉప్పు కలిపి మాటిమాటికి పట్టవలెనని, ఆరోగ్య ఉపకేంద్రమున దొరకు పొట్లమైన నింకను మేలని, బాలికలకే గాక బాలురకును బడిలో నేర్పవలెను. ఇది పాఠ్యపుస్తకములోని యే పాఠమునకును తీసిపోదు.

తండ్రులారా, మీతో కొంచెము నిష్ఠురముగ మాటాడవలసియున్నది. ముసురుపట్టి మడక సాగని దినములు ఈ రెండుమాసములలో ఎన్నియో కలవు. ఆ దినములలో టీ బంకు నిండియుండును, చావడి నిండియుండును, ఇంటిలో బిడ్డ మాత్రము అక్క చంకనే యుండును. మగవాడు బిడ్డ నెత్తుకొన్న నగుదురనియా సంకోచము? ఆదివారము గుడిలో పాటలు పాడునంతసేపు బిడ్డను భుజమున వేసికొని నిలిచిన తండ్రులను చూచి ఎవ్వరును నవ్వలేదే! ఆ భుజమే బుధవారము కూడ పనికివచ్చును. ముసురు దినములలో పిల్లను బడికి బంపి తండ్రి ఇంట నుండినను, పోవు దినములలో సగము మిగులును.

ఇక మిగిలిన సగము మాట. ఆ సగమునకు బడియే తలుపు తెఱవవలెనని మా యభిప్రాయము. తమ్ముని చంకనెత్తుకొని వచ్చిన పిల్లను వాకిటినుండి మరలించుట పెక్కుబడులలో వాడుక. మరలిన పిల్ల మఱునాడు రాదు. అట్లుగాక, దీపావళి మొదలు క్రిస్మస్ సెలవుల వఱకు ఒక గదిలో చాపలు పఱచి, రెండు ఉయ్యెలలు కట్టి, సంఘములోని పెద్దవయసు స్త్రీల నొకరిద్దఱను వంతులవారిగ కూర్చుండ బెట్టినచో, అక్క తరగతిలో కూర్చుండును, బిడ్డ ప్రక్కగదిలో నుండును. మధ్యాహ్నభోజనపు వేళ అక్క పోయి చూచుకొనును. గది దొరకనినాడు బిడ్డతోనే తలుపుదగ్గఱి బల్లమీద కూర్చుండనిత్తము.

తరగతి చెడునని మా తోడి ఉపాధ్యాయులే కొందఱందురు. చెడవచ్చును, కొంచెము. ఎన్నికల మైకులకు నోర్చుకొని పాఠము చెప్పిన మనము ఒక చంటిబిడ్డ యేడ్పునకు నోర్వలేమా? మఱియొక ఆక్షేపణ యింతకంటె బరువైనది: తలుపు తెఱచినచో ప్రతియిల్లును బిడ్డను బడికే పంపును, తండ్రి యింకను తప్పించుకొనును. ఇది నిజమగుటకు వీలున్నది. అందుకే ఈ గదిని ఎనిమిదివారములకు మించనీయరాదు. బిడ్డను పంపిన యింటి తండ్రి వారమున కొకపూట ఆ గదిలో తానే వచ్చి కూర్చుండవలెనని నియమము పెట్టవలెను. నియమమునకు మొదట తండ్రులు నవ్వుదురు. నవ్వనిండు.

ఈ జిల్లాలో చదువునకును ఇల్లాండ్ర కష్టమునకును గల సంబంధము క్రొత్తది కాదు. అక్షరాస్యతా ఉద్యమపు రాత్రిబడులలో పలకపట్టిన దూబగుంట స్త్రీలు 1992లో సారాయి దుకాణములను మూయించుటకు పూనుకొనిరి. దూబగుంట రోశమ్మగారి పేరు రాష్ట్రమంతయు మ్రోగెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి ప్రభుత్వము సారాయిని నిషేధించెను. ఆ గ్రామము మన ఉదయగిరికి దవ్వు కాదు. చంటిబిడ్డ గల తల్లి రాత్రిబడికి పోవలెనన్న బిడ్డతోనే పోవలెను గదా. తల్లి బిడ్డతో వచ్చి అక్షరములు నేర్చుకొనుట తగునన్న జిల్లాలో, అక్క తమ్మునితో వచ్చి బీజగణితము నేర్చుకొనుట తగదనుట ఎట్లు?

ఈ సంచిక చేతికందునప్పటికి శనగ కోతకు వచ్చియుండును. పిల్లలందఱును బడిలోనే యుందురు. ఈ మాట కప్పుడు తొందర కానరాదు. అయినను మరల ఆశ్వయుజము వచ్చుటకు ఏడెనిమిది మాసములే గలవు. వరండా చివరి గదిలో విఱిగిన బల్లలు పేర్చియున్నవి. మొదట వానిని తీయింపవలెను.